అపురూపం గారి అద్దాల బీరువా

మా ల్యాబులో ఆయన్ని అపురూపం గారు అంటాం. వెనకాల నవ్వుకోవడానికి మేం పెట్టిన పేరే అది. ఒకసారి ఆయన చెవిన పడింది. కోప్పడతాడనుకుంటే మురిసిపోయాడు. అదీ మనిషి!

రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపులో చూసి ఏ జబ్బో తేల్చడం మా ఇద్దరి పని. పాతికేళ్లుగా ఒకే గదిలో, ఒకే ఫార్మలిన్ కంపులో ఎదురెదురుగా కూర్చుంటున్నాం. మామూలు క్యాన్సర్ స్లైడ్ వస్తే ముఖం చిట్లించి నా వైపు తోసేస్తాడు. ఛాతీలో పుట్టిన వింత గడ్డయితే మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. అలాంటివన్నీ తాళం వేసిన అద్దాల బీరువాలో దాచాడు. కొత్తవాళ్లెవరైనా వస్తే చేయి పట్టుకుని అక్కడికి లాక్కుపోయి, ఏ గడ్డ ఏ పత్రికలో అచ్చయిందో గడగడా అప్పజెబుతాడు. ఆ గడ్డ మోసిన మనిషి బతికాడా అని అడిగితే మాత్రం పక్క గడ్డ వైపు వేలు చూపిస్తాడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఒకరోజు ఒక దర్జీ ఆవిడ ఛాతీలోంచి సూదితో తీసిన ముక్క వచ్చింది. స్కానులో రెండు పిడికిళ్లంత గడ్డ, ఊపిరితిత్తిని నొక్కేస్తోంది. ఊపిరితిత్తి మీది పొరకు వచ్చే చెడ్డ క్యాన్సరేనని సర్జన్ అనుకున్నాడు. అదే అయితే కోసినా లాభం లేదు, నచ్చజెప్పి ఇంటికి పంపడమే. సన్నగా సాగిన ఆ కణాలు చూసి నేనూ తలూపాను.

"ఇవి నా దగ్గర మూడున్నాయి. మళ్లీ ఇదేనా?" అని విసుక్కున్నాడు అపురూపం గారు. ఆయన ఏడుపు ఆవిడ కోసం కాదు, బీరువా కోసం.

అందుకే పట్టు వదల్లేదు. రక్తనాళాలు జింక కొమ్ముల్లా చీలి ఉన్నాయన్నాడు. ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేయించాడు. చెడ్డ క్యాన్సర్లో పట్టాల్సిన రంగు పట్టలేదు. మరో రంగుకు కణాల నడిమి బొట్లన్నీ గోధుమరంగులో తేలాయి. అది ఒంటరిగా పెరిగే అరుదైన పీచుగడ్డ. చాలామందికి కోసి తీసేస్తే పీడ విరగడైనట్టే.

అలాంటి గడ్డల్లో ఏ కొద్దింటికో ఒంట్లో చక్కెరని పడగొట్టే గుణం ఉంటుంది. అదీ ఉంటే ఇంకా అపురూపం. ఏనాడూ వార్డు గుమ్మం తొక్కని మనిషి ఆ రోజు పరుగున వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను.

"పొద్దున్నే కళ్లు తిరుగుతాయా అమ్మా? చెమటలు పడతాయా?"

ఆవిడ నోరు వెళ్లబెట్టింది. "అవును సార్! ఎవరికి చెప్పినా నీరసం అన్నారు. మీకెలా తెలిసింది?"

ఈయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు తన కోసమే అనుకుంది పిచ్చితల్లి.

ఆపరేషన్ అయింది, ఆవిడ కోలుకుంది. గడ్డ బీరువాలోకి, ఈయన పేరు పత్రికలోకి ఎక్కాయి. "ఇది తిరిగొస్తే చూడు, ఇంకో వ్యాసం రాయొచ్చు," అని నాతో ఎన్నిసార్లు అన్నాడో! ఆవిడ ప్రాణం నిలిపింది మాత్రం ఈయనే. ఒప్పుకోక తప్పదు, ఒప్పుకున్నప్పుడల్లా కడుపు రగిలిపోతుంది. జాలిగుండెల వాళ్లం, మేమంతా కలిసి ఆవిడని చావుకి సాగనంపేవాళ్లమే కదా.

ఏడాది తర్వాత ఆవిడ మా గదికి వచ్చింది. ఈయన కోసం తన చేత్తో చొక్కా కుట్టి తెచ్చింది. ఈయన చొక్కా వైపు చూడలేదు. కొత్త స్కాను లాక్కుని వెలుతురుకి పట్టి చూశాడు. చూస్తుండగానే ముఖం వాడిపోయింది.

"మళ్లీ రాలేదా?"

"లేదు సార్."

"అస్సలు? చిన్నది కూడా?"

"లేదు సార్, అంతా బాగుందన్నారు," అని ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. "నా సొంత అన్నయ్య కూడా నా గురించి ఇంత బెంగపెట్టుకోలేదు సార్."

"బెంగగానే ఉందమ్మా," అన్నాడు అపురూపం గారు.

ఆ మాట మాత్రం నిజమే చెప్పాడు.