సిస్టరమ్మ ఎవరికీ చెప్పని మాట

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. సిస్టరమ్మ పోయిందన్న కబురు మొన్న శుక్రవారం పొద్దున్న నేను పళ్ళు తోముకుంటూ ఉండగా గోడ మీంచి వచ్చింది. "చాచా, సిస్టర్‌జీ నహీ రహీ" అన్నాడు పక్కింటాయన. నోట్లో నురగతోనే "అయ్యో" అన్నాను. ఆ తర్వాత నాకొచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెబితే మీరు ఈ కాగితం ఇక్కడే మడిచేస్తారు. "హమ్మయ్య, ఇక ఆవిడ అడగదు" అనుకున్నాను. ఆ ఆలోచన రాకపోయి ఉంటే నిజంగానే రాసేవాణ్ణి కాదు.

సిస్టరమ్మది తెనాలి దగ్గర పల్లె. రైల్వే ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మీద రాయపూర్ వచ్చి ఇక్కడే రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. మాది పార్వతీపురం వైపు. నేను వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టర్ని. వర్క్‌షాపు వాళ్ళ కోసం కట్టిన డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఎదురెదురు క్వార్టర్లు మావి. రిటైరయ్యాక క్వార్టర్లు ఖాళీ చేసి, కాలనీ గోడ వెనక గల్లీలో మళ్ళీ ఎదురెదురుగానే అద్దెకి దిగాం. "నిన్ను వదిలించుకోవడం నా వల్ల కాదు తమ్ముడూ" అనేది.

చేతి గడియారం డయలు మణికట్టు లోపలివైపుకి పెట్టుకునేది. నాడి చూసేటప్పుడు చెయ్యి తిప్పుకునే పని ఉండదట. ఉద్యోగం మానేసి పదిహేనేళ్ళయినా అలాగే. ఒకసారి పక్కపేట గుఢియారీ బజారులో పాలకూర కొంటూ, కూరలమ్మే మనిషి కంటి రెప్ప కిందకి లాగి చూసింది. "ఖూన్ నహీ హై తుమ్కో" అని, ఒంట్లో రక్తం లేదని తెనాలి హిందీలో చీవాట్లు పెట్టి, డబ్బులిచ్చి కొన్న పాలకూర ఆమె ఒళ్ళోనే పడేసి ఇంటికొచ్చేసింది. ఆ పూట ఆవిడ ఉత్తి పచ్చడి మెతుకులే తిన్నదని మా ఆవిడ చెప్పింది.

నాకు చదువు అయిదో తరగతి దాకానే. మిగతాదంతా బజ్జీలు చుట్టిచ్చిన కాగితాల మీద చదువుకున్నాను. అందుకే నాకు ఏ సంగతీ మొదలు తెలీదు, చివర తెలీదు, మధ్యలో మాత్రం బ్రహ్మాండంగా మాట్లాడతాను. మాట్లాడి నలుగుర్నీ నవ్వించడం నాకో రోగం. ఇప్పుడు చెప్పబోయేది ఆ రోగం గురించే.

మా వర్క్‌షాపులో విశ్వకర్మ పూజ రోజు ఇంటిల్లిపాదికీ గేటు తీస్తారు. లేతు మిషన్లకి దండలు, బూందీ ప్రసాదం, వ్యాగన్లెక్కి దూకే పిల్లలు. పూజయ్యాక ఆడవాళ్ళు ఇళ్ళకెళ్తే, మగవాళ్ళం ఎవడో ఒక బ్రహ్మచారి క్వార్టర్‌లో చేరేవాళ్ళం. ఖలాసీ ఫిట్టరు కావాలంటే మా దగ్గర ట్రేడ్ టెస్టు ఉంటుంది. ఓ ఇనప ముక్క ఇస్తారు, ఆకురాయితో రుద్ది కొలతకి తేవాలి. నేను దాన్ని పట్టుకుని ఒక వేళాకోళం కనిపెట్టాను. పదో తరగతి దాటిన మగపిల్లలకి అదే రోజు "మగాడి ట్రేడ్ టెస్టు" అన్నాను. సీసా మూతలో మందు పోసి ఇస్తాం. మొహం చిట్లించకుండా మింగితే పాసు. పరీక్షాధికారిని నేనే. తండ్రులందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మరుసటి ఏడు వాళ్ళే కొడుకుల్ని తీసుకొచ్చి వరసలో నిలబెట్టారు. అలా ఆచారమైపోయింది.

ఇది సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజుల మాట. ఆ ఏడు మావాడికి పదహారు నిండాయి. వాడి వెంట దిలీప్ వచ్చాడు. గుఢియారీ కుర్రాడు, ఛత్తీస్‌గఢీ వాళ్ళు, తల్లి జాకెట్లు కుట్టి బతికేది. ఐటీఐ పరీక్షకి మా కాలనీ పిల్లలతో కలిసి చదువుకునేవాడు. మూత అందిస్తే దిలీప్ వెనక్కి జరిగాడు. "అమ్మకి వాసన తెలిసిపోతుంది చాచా" అన్నాడు. "ఫెయిల్!" అని అరిచాను. అందరూ చప్పట్లు కొట్టారు.

పరీక్షాధికారి కొడుకు ఫెయిలవుతాడా? మావాడు మూత మింగాడు. "ఇంకోటి" అన్నాడు. పోశాను. తర్వాత గ్లాసు పట్టాడు. అదీ పోశాను. పూజ ఉందని పొద్దుటినుంచీ వాడు ఏమీ తినలేదు. ఆ సంగతి నాకు తెలుసు.

గంట తిరక్కుండా గోడకి జారిపోయాడు. అక్కడ ఏడుగురం పెద్దమనుషులం, ఏడుగురమూ డాక్టర్లమే. ఒకడు మజ్జిగన్నాడు, ఒకడు నిమ్మకాయన్నాడు. నేను వాణ్ణి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, "కదపకండి, నిద్రపోతే అదే దిగిపోద్ది" అన్నాను. దిలీప్ ఒక్కడే మాట్లాడకుండా బయటికి పరిగెత్తాడు. సిస్టరమ్మతో తిరిగొచ్చాడు.

"వెల్లకిలా వేసిందెవరు? వాంతి గొంతుకి అడ్డం పడితే ప్రాణం పోతుంది, తెలుసా?" అంటూనే వాణ్ణి పక్కకి తిప్పింది, నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసింది. మజ్జిగ గ్లాసు తోసేసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. "ఏం తాగాడు? ఎంత? ఎవరు పోశారు? అబద్ధం చెప్పావంటే నీ కొడుకు నీకుండడు తమ్ముడూ."

చెప్పాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఆసుపత్రిలో రెండు రోజులు. ఒంట్లో చక్కెర పడిపోయిందన్నారు, ఒళ్ళు చల్లబడిందన్నారు. మా ఆవిడ వార్డు గుమ్మంలో నా చొక్కా పట్టుకుంది. "ఎవుడు పోసినాడు నా కొడుక్కి?"

ఆ క్షణంలో నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది. "ఆ గుఢియారీ వాడు. దిలీప్ గాడు."

సిస్టరమ్మ అక్కడే సెలైను సీసా సరిచేస్తోంది. చెయ్యి ఆగింది. నా వైపు చూసింది. మళ్ళీ సీసా వైపు తిరిగింది. తర్వాత వరండాలోకి పిలిచింది. "నేను చెప్పను. రోగి ఇంటి మాట నా నోట్లోంచి రాదు. నువ్వే చెప్పాలి. తొందరగా చెప్పు. నింద పాతబడే కొద్దీ ఊడబెరకడం కష్టం."

మా ఆవిడా, ఇంకో నలుగురాడవాళ్ళూ కలిసి దిలీప్ ఇంటికెళ్ళి తల్లిని కడిగేశారు. ఆవిడ వాళ్ళ ముందే గుడ్డ కొలిచే స్కేలుతో కొడుకుని కొట్టిందట. వాడు "నేను తాగలేదు, పొయ్యలేదమ్మా" అన్నాడట గానీ నా పేరు చెప్పలేదట. మా కాలనీ గుమ్మాలన్నీ వాడికి మూసుకున్నాయి. వాడి చదువు అక్కడితో ఆగింది. మిగతా ఆరుగురు తండ్రులకీ నిజం తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. తలా ఒక మూత పోసినవాళ్ళమే కదా. పైగా మన తెలుగువాళ్ళ పరువు అనుకున్నాం. మా అబద్ధానికి భాష అడ్డం పెట్టుకున్నాం.

మరుసటి ఏడు నుంచీ విశ్వకర్మ పూజకి ముందు ఆదివారం సిస్టరమ్మ కాలనీ హాల్లో తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మాట్లాడేది. కుర్చీలు వేసేది నేను, మైకు పెట్టేది నేను. "రంగు ఆరని వ్యాగన్ని మీరు లైన్లో పెడతారా? పెట్టరు. పదహారేళ్ళ పిల్లాడి మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది. ఇరవై దాటినా పని పూర్తి కాదు. దాని మీద మందు పోస్తున్నారు మీరు. పెద్దోడికి మత్తెక్కించేది పిల్లాడికి ఊపిరాపుతుంది. బతికినా, ఎంత చిన్నప్పుడు మొదలెడితే అంత గట్టిగా పట్టుకుంటుంది" అని చెప్పేది. "ఇంట్లో నా కళ్ళ ముందు తాగితే ఫర్వాలేదులే అనుకోకండి. మీ కళ్ళకి మందు విరిచే శక్తి లేదు" అనేది. చివర్న ప్రతి ఏడూ ఒకటే మాట. "ఇంకెవరైనా మాట్లాడతారా?" అని నా వైపు చూసేది. నేను వంగి మైకు వైరు చుట్టుకుంటూ ఉండేవాణ్ణి.

ట్రేడ్ టెస్టు నేను మానేశాను. కానీ పక్క సెక్షన్ వాళ్ళు ఎత్తుకున్నారు. నేను మాట్లాడి ఉంటే ఆగేదేమో. ఎందుకు ఆపాలో తెలిసిన ఏడుగురం నోరు కుట్టుకున్నాం మరి.

మావాడు బతికాడు. ఇరవై ఏళ్ళకే వాడికి నా మూత అక్కర్లేకుండా పోయింది, సొంత సీసా ఉంది. రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. సిస్టరమ్మే పట్టుబట్టి వైద్యానికి తీసుకెళ్ళింది, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇప్పుడు నాలుగేళ్ళుగా ముట్టడం లేదు. నయా రాయపూర్‌లో ఓ క్యాంటీన్ చూసుకుంటున్నాడు. ఏడింటికల్లా ఫోన్ చేసి "ఇంటికొచ్చేశాను నాన్నా" అంటాడు. మందు మానినవాడు తండ్రికి హాజరు చెప్పుకోవడం. మొదటి మూత పోసింది ఆ తండ్రేనని వాడికీ తెలుసు. వాళ్ళమ్మకి చెప్పలేదు, నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే బాగుండు.

ఈ వేసవిలో సిస్టరమ్మ మంచం పట్టింది. వెళ్ళి కూర్చుంటే, "చెప్పావా?" అంది.

"చెబుతానక్కా."

"ఇరవయ్యేళ్ళుగా నీ నోట చెప్పించలేకపోయాను. నా సర్వీసులో ఇంత మొండి రోగిని చూళ్ళేదు" అని నవ్వింది. "సరేలే, ఆ దుప్పటి కాళ్ళ మీదకి లాగు." లాగాను. అదే ఆఖరు మాట మా ఇద్దరికీ.

సమాధి దగ్గర పాస్టరుగారు ఆవిడ మంచితనం గురించి చాలా చెప్పారు. నా గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదన్న సంగతి ఆయనకి తెలీదు కదా. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాం. మా ఆవిడకి చెప్పేశాను. ఆమె కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. "నేనెల్లి ఆ తల్లిని నానా మాటలూ అన్నాను గదా" అంది. తర్వాత, "తప్పైందని నాకు తరవాత చెప్దువుగాని, ముందు ఆలింటికెల్లు" అంది.

మంగళవారం మధ్యాహ్నం గుఢియారీ వెళ్ళాను. దిలీప్ వాళ్ళమ్మ గుమ్మంలోనే మిషను దగ్గర కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో చెప్పాను. ఆ రోజు మందు పోసింది నేనని, మీ అబ్బాయి చుక్క కూడా ముట్టలేదని, సిస్టర్‌ని పిలుచుకొచ్చి మావాణ్ణి బతికించింది అతనేనని నాకొచ్చిన హిందీలో చెప్పాను. మిషను ఆపింది. కుడుతున్న జాకెట్టు చేతిని తిప్పి, కుడిదో ఎడమదో చూసుకుంది.

"దిలీప్ ఫ్రిజ్‌లు బాగుచేసే షాపులో ఉంటాడు. ఆరింటికి వస్తాడు. వాడితో చెప్పండి" అంది.

స్టూలు నా వైపు జరిపింది. అప్పటికి నాలుగున్నర. కూర్చున్నాను.