మొగిలయ్య బావకు, ఆ జవాబు కార్డు గురించి

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. తప్పులు కూడా ఉంటాయి. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి, ఏమీ అనుకోకండి. కాగితం మీద రాసిస్తే మనవరాలు సంధ్య ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెడుతున్నది.

నిన్న పొద్దున చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది. వరంగల్‌లో మా మొగిలయ్య బావ పోయాడని.



నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నర్సయ్యకు చెప్పిండ్రా?"

చెప్పారట. నాకంటే ముందే చెప్పారట.

అంత బాధలోనూ నాకు అదే గుచ్చుకుంది. ఎనభై ఎనిమిదేళ్లు వచ్చినా నా బుద్ధి మారలేదు.

నర్సయ్య నా తమ్ముడు. మొగిలయ్య బావ మా అక్క భర్త. వరంగల్‌లో బట్టల దుకాణం ఆయనది.

నిన్నటి నుంచి చాలామంది ఆయన మీద పోస్టులు పెడుతున్నారు. మా తాతను కాలేజీలో చేర్పించింది ఆయనే అని ఒకరు. మా నాన్నకు దారి చూపించాడని ఇంకొకరు. సంధ్య అన్నీ చదివి వినిపించింది.

అన్నీ నిజమే. అందుకే నాకు కుళ్లు.

నిజాం పాలన పోయిన కొత్తలోని సంగతి ఇది. మెట్రిక్ పాసైన పిల్లలకు తర్వాత ఏ కాలేజీ, అక్కడ ఏం చెప్తారు, ఎక్కడ ఉండాలి, చెప్పే మనిషి లేడు. బావ కూడా మెట్రిక్ దగ్గరే ఆగి దుకాణంలో కూర్చున్నాడు. కానీ కాలేజీలన్నిటికీ కార్డులు రాసి ప్రాస్పెక్టస్‌లు తెప్పించేవాడు. ధోవతుల బీరువా కింద ఒక రేకు పెట్టె నిండా అవే.

పిల్లలు మధ్యాహ్నం పూట, బేరాలు లేని వేళ వచ్చేవారు. తెల్ల గుడ్డ పరిచి ఆ పుస్తకాలన్నీ వరసగా పెట్టేవాడు. ఏ పాఠం చదువుతుంటే ఆకలి యాదికి రాదు అని అడిగేవాడు. తను మాత్రం ఏ కాలేజీ పేరూ చెప్పడు. మూడు రోజులు వరసగా వచ్చి, మూడు రోజులూ ఒకటే పేరు చెప్పాలి. పేరు మారిందా, మళ్లీ మొదటి నుంచి. అప్పుడుగానీ ఫారం కోసం కార్డు రాసేవాడు కాదు.

మా బాపు పోయాక నర్సయ్యను నాగలి పట్టి నేను సాకాను. వాడు హనుమకొండలో మెట్రిక్ పాసయ్యాడు. వరంగల్‌లోనే చేరితే శనివారం శనివారం ఇంటికి వస్తాడని నా ఆశ.

వాడు మూడు రోజులు బావ దుకాణానికి పోయాడు. మూడో రోజు వచ్చి, "అన్నా, హైదరాబాద్ పోత. సైన్స్ తీసుకుంట. బావతోని మాట్లాడిన" అన్నాడు.

నాతో మాట్లాడలేదు. బావతో మాట్లాడాడు.

అప్పుడు పోస్టాఫీసులో జవాబు కార్డులని ఉండేవి. రెండు కార్డులు జోడుగా వస్తాయి. ఒకదాని మీద కాలేజీ అడ్రస్ రాయాలి. రెండోదాని మీద మన అడ్రస్. వాళ్లు దాన్ని చించి జవాబు రాసి పంపుతారు.

లోపలి సంగతి బావ రాశాడు. అడ్రస్‌లన్నా నేను రాస్తానని కార్డు తీసుకున్నాను. ఆయన వేలు పెట్టి చూపిస్తూ ఏదో చెప్పాడు. ఆయన చెప్తే వినబుద్ధి కాలేదు. చీటీ మీద ఉన్న కాలేజీ అడ్రస్‌నే చూసి చూసి రెండు కార్డుల మీదా దించాను.

వాళ్ల జవాబు వాళ్లకే పోయి ఉంటుంది.

మిగతా పిల్లలకు ఫారాలు వచ్చాయి. నర్సయ్య రోజూ పోస్టాఫీసుకు పోయి ఉత్త చేతులతో వచ్చేవాడు. అన్నం సరిగా తినేవాడు కాదు. వాడి ముఖం చూస్తే బాధగానే ఉండేది. లోపల మాత్రం, ఇక పోడులే అని కొంచెం సంబరం. అబద్ధం చెప్పను.

ఒకరోజు బావ మా ఘన్‌పూర్ స్టేషన్‌లో దిగి, నడుచుకుంటూ నేను దున్నుతున్న చెలక దగ్గరికి వచ్చాడు.

"బామ్మర్దీ, రెండో కార్డు మీద ఎవలి అడ్రస్ రాసినవ్?"

చెప్పాను.

ఆయన నవ్వలేదు. తిట్టలేదు. "నేను గూడ మొదటిసారి గట్లనే రాసిన. జవాబు కోసం చూసి చూసి దుకాణంల కూసున్న. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.

అది నిజమో, నా కోసం అన్నాడో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు దుకాణం మూసి హైదరాబాద్ రైలెక్కాడు. ఫారం తెచ్చాడు, నింపించాడు, మళ్లీ పోయి ఆఖరు రోజున ఇచ్చి వచ్చాడు. పోస్టులో ఆలస్యమైందని నర్సయ్యకు చెప్పాడు. అంతే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయన మీద కోపమన్నా తెచ్చుకునేవాణ్ణి.

నర్సయ్య చదివి ఆ హైదరాబాద్‌లోనే లెక్చరర్ అయ్యాడు.

అక్కడి నుంచి వచ్చే రైలుకు మా ఘన్‌పూర్ ముందు వస్తుంది, వరంగల్ తర్వాత. సెలవులకు వచ్చినప్పుడల్లా వాడు ఘన్‌పూర్‌లో దిగేవాడు కాదు. కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. బావను చూసి, మర్నాడు వెనక్కి వచ్చి నన్ను చూసేవాడు. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపి ఇంటికి పోయేవాణ్ణి. ఎన్ని ఏండ్లో.

నిన్న కూడా నేరుగా వరంగల్ వచ్చాడు. బావ తల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. చెబుదామని రెండుసార్లు దగ్గరికి పోయాను. రెండుసార్లూ మళ్లీ గోడ దగ్గరికే వచ్చాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నర్సయ్యా, నీ ఫారం పోస్టులో ఆలస్యం కాలేదు. నా చేతిలో అయింది.

ఇక నువ్వు వరంగల్ దాకా పోయే పని లేదు. ఘన్‌పూర్‌లోనే దిగుతావు. దాని కోసమే కదా ఇన్నేండ్లు ఏడ్చింది. సంతోషం కావాలి. కావడం లేదు.

బావా, పోయిరా. అక్క నీకంటే ముందే పోయింది, ఆమె దగ్గర నిమ్మళంగా కూర్చో. నీ ఆత్మ చల్లగా ఉండాలి.

తమ్ముడూ, ఇది చూడంగనే జల్దీ జవాబు రాయి. తిట్టినా సరే. ఈసారి జవాబు నాకే రావాలి.

నీ అన్న
ఎల్లయ్య