కడగకూడని రాయి

మా మేనత్త ముప్పయ్యొక్క ఏళ్లు ఆసుపత్రిలో వార్డులు కడిగింది. ఆవిడ తుడిచిన నేలలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని నర్సులు అనేవారట. ఉద్యోగం అయిపోయినా చేతులు ఊరుకోలేదు. మా ఇంటికి వచ్చి కూర్చున్న అయిదు నిమిషాలకే లేచి నా స్టవ్వు కింద వంగి చూసేది. నాకు ఒళ్లు మండిపోయేది.

పని మానేసిన రోజున తోటివాళ్లంతా కలిసి ఆవిడకు సముద్రపు చేపల తొట్టి కొనిచ్చారు. అందులో ఉప్పునీళ్లు, నాలుగు రాళ్లు, తెల్ల చారల నారింజ చేపలు రెండు. మధ్యాహ్నం పూట ఆవిడ ఇంటి ముందు గదిలో తెరలు లాగి తొట్టి దీపం వేస్తే గోడలన్నీ నీలంగా కదిలేవి. అక్కడ కూర్చుంటే నేనూ నీళ్లలోనే ఉన్నట్టుండేది. చెప్పబోయిన మాట మధ్యలోనే ఎటో తేలిపోయేది. అంత గట్టి మనిషి, అత్తయ్య కూడా ఆ గదిలో మెల్లగా నడిచేది.

కానీ రాళ్ల మీద గోధుమరంగు పాచి కనబడితే ఆవిడ ప్రాణం ఒప్పుకోలేదు. వారం వారం రాళ్లు తీసి కుళాయి కింద బ్రష్షుతో తోమేది. ఫిల్టరులోని స్పాంజిని వేణ్నీళ్లలో పిండేది. రెండో నెలలో ఒక చేప చచ్చిపోయింది. మురికి వల్లే పోయిందనుకుని ఇంకా గట్టిగా తోమింది. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, రెండోది కూడా నీటి పైకి వచ్చి నోరు తెరిచి ఎగశ్వాస తీయసాగింది.

ఆవిడ కాలు గాలిన పిల్లిలా తిరుగుతుంటే చూడలేక, సీసాలో తొట్టి నీళ్లు పట్టించి ఆవిడను పెంపుడు చేపల కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టతను గాజు గొట్టంలో ఆ నీళ్లు పోసి మందు చుక్కలు వేశాడు. పసుపుగా ఉండాల్సింది ముదురాకుపచ్చకు తిరిగింది. అమ్మోనియా అన్నాడు. ఎలా కడుగుతున్నారని అడిగితే అత్తయ్య కాస్త గర్వంగానే చెప్పింది. అతను తల పట్టుకున్నాడు.

"అమ్మా, చేప వదిలిందంతా నీళ్లలో విషమవుతుంది. ఆ విషాన్ని తినే జీవులు రాళ్ల మీదా స్పాంజిలోనూ ఉంటాయి, కంటికి కనబడవు. మీరు వారం వారం వాటి కాపురం కూల్చేస్తున్నారు."

రోజూ పావు వంతు నీళ్లు మాత్రం మార్చమన్నాడు. కొత్త నీళ్లలోనూ అంతే ఉప్పు, అంతే వెచ్చదనం ఉండాలన్నాడు. మేత చిటికెడు చాలు, ఫిల్టరు జోలికి పోవద్దు. ఇంట్లో నీళ్లు చూసుకోవడానికి ఒక గాజు గొట్టం, ఆ మందు చుక్కలు కూడా కొన్నాం. చివరికి తన పాత తొట్టిలోంచి జిగురు పట్టిన రాయి ఒకటి తీసి, ఆ నీళ్లతోనే బకెట్లో పెట్టి ఇచ్చాడు. దీన్ని మాత్రం కడగొద్దని రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి రాగానే ఆవిడ కాళ్లు అలవాటుగా సింకు దగ్గరికే వెళ్లాయి. ఒక చేతిలో రాయి, ఇంకో చేత్తో కుళాయి తిప్పింది. నీళ్లు పడుతున్నాయి, రాయి ఇంకా వాటి కిందికి పోలేదు. అరవబోయి ఆగిపోయాను. ఆవిడ ఏడుస్తోంది.

"వార్డులో నేను మంచం కడిగేది మనిషి వెళ్లిపోయాకే. నయమై వెళ్లాడో, పోయాడో నాకెవరు చెప్పారే? నా ఎదురుగా బతికేది ఒకటుంటుందనుకున్నా. దాన్నీ నేనే చంపుతున్నా."

నాకు స్టవ్వు గొడవలన్నీ తలచుకుని సిగ్గేసింది. ఆవిడే కుళాయి కట్టేసి, ఆ రాయిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో తీసుకెళ్లి తొట్టిలో దించింది.

తరువాత పద్దెనిమిది రోజులు ఆవిడ పావు వంతు నీళ్లు మార్చడం అవగానే కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రాళ్లు గోధుమరంగుకు తిరిగాయి, ఆపైన ఆకుపచ్చగా మారాయి. చేప కిందికి దిగింది, మేతకు రావడం మొదలుపెట్టింది. పంతొమ్మిదో రోజున ఫోన్ చేసి, తన కళ్ల మీద తనకు నమ్మకం లేదని, రంగు చూసిపెట్టమని నన్ను పిలిచింది. గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను.

"పసుపే, అత్తయ్యా."

"అయితే ఇది ఉంటుందా?"

"ఉంటుంది."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, ఆ నీలం వెలుగులో నిద్రపోయింది. వంటింట్లోకి వెళ్లి చూస్తే, పొద్దున తిన్న పళ్లెం సింకులో అలాగే ఉంది. ఆవిడ ఇంట్లో కడగని పళ్లెం చూడడం నాకదే మొదటిసారి.