కింద వెతికిన చుక్క

ఆ షెడ్డులో చిన్నా పెద్దా అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. ఫోర్‌మన్ ఆమె సొంత మరిది. అతని నోటి నుంచి ఆ పిలుపు అందరికీ అంటుకుంది. రబ్బరు గొట్టాలను వేడి ద్రవంలో ముంచి గట్టిపరిచే తొట్టి దగ్గర ఆమె పని. అందరికీ తలలో నాలుకలా మెలిగే మనిషే గానీ, తొట్టి జోలికొస్తే ఎంతటివాడినైనా దులిపేస్తుంది.

తొట్టిలోని పాత నూనె పొగకు అందరి కళ్లూ మండుతున్నాయని మరిదే పట్టుబట్టి కొత్త ద్రవం తెప్పించాడు. అదొక రకం ఉప్పు. కాచకుండానే ద్రవంగా ఉంటుంది. ఎంత కాచినా మరగదు, పొగ రాదు, వాసన రాదు. చిన్న గిన్నెలో పోసి గంటసేపు బాగా కాచి చూపించాడు. మట్టం ఇసుమంత కూడా తగ్గలేదు. "ఉప్పు వదినా! ఉప్పెక్కడైనా ఆవిరైపోతుందా?" అని యజమాని ముందే మీసం మెలేశాడు. పని తొందరగా తెములుతుందని వేడి ఇంకాస్త పెంచాడు కూడా.

తీరా కొన్ని వారాలకు తొట్టి వెలితి పడింది. పోసినకొద్దీ తగ్గుతోంది. ఆవిరి కానిది కారిపోయి ఉండాలి కదా! మరిది పట్టిన పట్టు విడవలేదు. తొట్టి చల్లారేదాకా ఆగే ఓపిక కూడా లేకపోయింది. అడుగు గొట్టానికి ద్రవం వదిలే వాల్వు మూసి, "అన్నయ్యా, అడుగు గొట్టం దగ్గర వాషరు మార్చెయ్" అన్నాడు. మెకానిక్ అయిన అన్న, అంటే వదిన భర్త, మరో మాట లేకుండా పానా తీసుకుని తొట్టి కిందికి దూరాడు.

వదిన మనసు కీడు శంకించింది. కారితే నేల తడవాలి. నేల పొడిగా ఉంది. తలెత్తి చూస్తే తొట్టి పైనున్న రేకు అంచు నిగనిగలాడుతోంది. గుడ్డతో తుడిచింది. గుడ్డ జిడ్డుజిడ్డుగా తడిసింది. కారిందేమీ లేదు, కంటికి కనపడకుండా పైకి లేచి చల్లని రేకుకు పట్టింది! అక్కడ ఆయనేమో లేని లీకు కోసం బోల్టులు విప్పుతున్నాడు.

"ఏవండీ, ఆపండి!"

ఫ్యాన్ల హోరులో వినపడలేదు. బతిమాలే వేళ కాదది. ఆయన రెండు కాళ్లూ పట్టుకుని బరబరా బయటికి ఈడ్చింది.

"నీకేమైనా పిచ్చా? ఆఖరి బోల్టు మీదున్నా!" అని ఆయన కేకలేశాడు.

"ఇంతమందిలో నా పరువు తీస్తావేంటి వదినా?" అని మరిది మండిపడ్డాడు.

ఆమె గుడ్డను అతని ముందు విసిరికొట్టింది. "చూడు, ఆవిరి కాని నీ ఉప్పు! గంటసేపు తట్టుకునే వేడి వేరు, రోజూ పొద్దస్తమానం తట్టుకునే వేడి వేరు. ముందా వేడి తగ్గించు!"

ఆ మాట పూర్తవకముందే అడుగున చుర్రుమంది. వదులైన అతుకులోంచి ద్రవం సన్నని ధారగా చిమ్మి, ఇందాక ఆయన తల ఉన్న చోట పడింది. అక్కడ పరిచిన ప్లాస్టిక్ పట్టా ముడుచుకుపోయింది. వాల్వు పూర్తిగా మూసుకోలేదు.

మరిది మొహం పాలిపోయింది. హీటరు స్విచ్చి కట్టేసి అక్కడే చతికిలబడ్డాడు. "నేనే పంపాను వదినా, అన్నయ్యని నేనే పంపాను" అంటూ ఏడ్చేశాడు.

ఎంతటివాడినైనా దులిపేసే వదిన వంగి భర్త కాళ్లు మళ్లీ పట్టుకుంది. ఎంతసేపైనా వదల్లేదు.