మడమలు కిందికి

జహనుమా బస్తీలో ఎవరినడిగినా విమానాల ఇశ్రాయేలు ఇల్లు చూపిస్తారు. పద్నాలుగేళ్లుగా రోజూ సైకిలెక్కి, ఊరవతలి ఫ్లయింగ్ క్లబ్బుకు పోయి, చిన్న విమానాల చక్రాలూ బ్రేకులూ బాగుచేసి వస్తున్నాడు. తన చేతిలోంచి పోయిన చక్రం తిరగకపోవడమంటూ ఉండదని తానే చెప్పుకుంటాడు. అందులో మొహమాటమేమీ లేదు.

భార్య రాజమణి మాత్రం ఆ గొప్పలకు లొంగదు. "ఇన్నేండ్లాయె, ఒక్కసారన్న దాంట్ల ఎక్కినవా?" అని దెప్పుతుంది. ఎక్కలేదు. మెకానిక్కును ఎక్కించుకుని ఊరేగించేదెవరు?

డెబ్బై నాలుగు వేసవిలో ఒక పొద్దున ఆయన పేరుకే ఎసరొచ్చింది.

బేగంబజారులో ఇత్తడి సామాన్ల వ్యాపారి సోమశేఖర్ ఆ ఏడే విమానం నడపడం నేర్చుకుని, రెండు సీట్లది ఒకటి సొంతంగా కొన్నాడు. మంచివాడే, కాస్త తొందర మనిషి. ఆ పొద్దున దిగుతుంటే చక్రాలు నేలను తాకీ తాకగానే విమానం కీచుమంటూ ఈడ్చుకుపోయి, ముక్కు నేలకు పొడిచి, తోక పైకెత్తి నిలబడింది. ముందున్న పంకా వంగిపోయింది. సోమశేఖర్‌కు మాత్రం మోకాలు కొంచెం చెక్కుకుపోయిందంతే.

"బ్రేకులు పట్టేసినయ్! నేనైతే తొక్కనే తొక్కలే!" అని కేకలేశాడు. అబద్ధమాడటం లేదు పాపం, అలాగే జరిగిందని నమ్ముతున్నాడు.

ఆ పొద్దున బ్రేకులు చూసి పుస్తకంలో సంతకం పెట్టింది ఇశ్రాయేలు. మేనేజరు ఆనందరావు తల పట్టుకున్నాడు. "సేఠ్ చెప్పింది రిపోర్టుల రాస్తే నీ నౌకరీ పోతది ఇశ్రాయేలూ. ఏమంటవ్?"

"రాయుండ్రి సార్, నాకేం ఫికర్ లేదు. జర చక్రాలు చూసి రాయుండ్రి."

తోక దించారు. రెండు టైర్ల మీదా అరచేయంత మేర, ఒక్కచోటనే, రబ్బరు నున్నగా అరిగిపోయింది.

"తిరిగిన టైరు చుట్టూత అరుగుతది సార్. ఇవి తిరగనేలేవు, నేల తాకకముందే బ్రేకు మీదున్నయ్. నా పని తప్పైతే ఒక్క చక్రం పట్టేస్తది, బండి పక్కకు గుంజుతది. రెండూ ఒక్కతీరుగ పట్టినయంటే కాళ్లతోనే." జాకీ పెట్టి చక్రాన్ని లేపి వేలితో తోశాడు. అది గిర్రున తిరిగింది.

సోమశేఖర్ ముఖం ఎర్రబడింది. "నా కాళ్ల సంగతి నీకెట్ల ఎరుక?"

"మొన్న మీ కార్ల బేగంబజార్ దాంక వచ్చిన గద సేఠ్. తోపుడుబండ్లు, హమాలీలు, ఆవులు... మీ కాలు బ్రేకు మీదికెళ్లి లేవనేలేదు. ఆ బజార్ల అది మంచి అలవాటే. ఈ విమానంల పెడలు కిందిభాగంతోని దిక్కు తిప్పుతం, పైఅంచుకు బూటు తాకితే బ్రేకు పడ్డట్టే. దిగేటప్పుడు మడమలు కిందనే ఉండాలె."

సోమశేఖర్ తన బూట్లకేసి చూసుకున్నాడు. "రాయుండ్రి ఆనందరావ్ గారూ. తప్పు నాదే," అన్నాడు.

పదిమందిలో ఆ మాట అనడానికి దమ్ముండాలి. ఇశ్రాయేలు జాకీ దించి, వంగిన పంకా విప్పడానికి పానా అందుకున్నాడు.

రెండు నెలలకు విమానం బాగైంది. "ఇశ్రాయేలు పక్కన కూసుంటేనే ఎక్కుత," అని సోమశేఖర్ పట్టుబట్టాడు. కబురు తెలిసి రాజమణి ఎర్ర దుప్పటి పట్టుకుని డాబా ఎక్కింది. విమానం జహనుమా మీదుగా ఒక చుట్టు తిరిగి, మెత్తగా దిగింది.

సాయంత్రం మొగుడు ఇంట్లో అడుగుపెట్టగానే ఎదురొచ్చి అడిగింది. "దుప్పటి మస్తు ఊపిన, చూసినవా? మనిల్లు ఎట్ల కనవడ్డది పైకెళ్లి?"

ఇశ్రాయేలు సైకిలు గోడకానించి ఉన్నమాట చెప్పాడు.

"ఏడ చూసిన? ఎక్కింది మొదలు దిగేదాంక సేఠ్ బూట్లే చూసిన."