ఎవరు దింపుతరు?

మా చిన్నమ్మ సాయమ్మకు రొమ్ములో గడ్డ ఉందని నాకు ఉగాదికే తెలుసు. పాలమూరు దవాఖానకు బయలుదేరింది మాత్రం వానాకాలం నాట్లు అయిపోయాక. ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "ఎవరు దింపుతరు బిడ్డా?" ఇంట్లో బండి ఉంది. పొద్దున్నే దాని మీద చిన్నమ్మ కొడుకు, మా తమ్ముడు, పనికి పోతాడు. మా దగ్గర మగవాళ్లు పోతారు, ఆడవాళ్లను ఎవరో ఒకరు దింపుతారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే నేను కూడా "ఆగు చిన్నమ్మా, నేనొచ్చి తోల్కపోత" అంటూ ఫోన్‌లోనే నాలుగు నెలలు గడిపాను. నా మొహానికి చదువొకటి! చివరికి సెలవు పెట్టి ఊరికొచ్చాను.

మా ఊరి నుంచి కొల్లాపూర్ ఎనిమిది కిలోమీటర్లు. అక్కడ ఏడింటికి పాలమూరు బస్సు. ఆరున్నరకు వచ్చిన ఆటోలో వెనక సీటు నిండింది, డ్రైవర్ పక్కన జాగా ఉంది. "ఆడోళ్లు గీడెట్ల కూసుంటరక్కా? ఎన్కొచ్చే ఆటోల రండ్రి" అన్నాడు డ్రైవర్ మా ఇద్దరినీ చూసి. అంతలో ఎవరో పెద్దమనిషి వచ్చి ఆ జాగాలోనే కూర్చుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఏడుంబావుకు వచ్చిన ఆటోలోనూ అదే పరిస్థితి. నేను ఆలోచిస్తుండగానే చిన్నమ్మ కొంగు దోపుకుని డ్రైవర్ పక్కన ఎక్కేసింది.

"అవ్వో! ఎవరన్న సూస్తే ఏమంటరు?" అంది వెనక కూర్చున్నామె.

"అననియ్యి. ఆళ్లొచ్చి దింపుతరా నన్ను? జర జరుగు తమ్మీ."

నేను రెండో పక్క ఎక్కాను. మనిషికి ఇరవై రూపాయలు.

ఎనిమిదింటి బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్ ఇస్తారు. నాగర్‌కర్నూల్ మీదుగా మూడు గంటలు. "బస్సుల పైసల్ లేకున్నా, గా బస్సు దాక వచ్చుడే నాకు తిప్పలైంది" అంది చిన్నమ్మ.

పదకొండున్నరకు ఓపీ చీటీ అందింది. డాక్టరమ్మ గడ్డను పరీక్షించి, "ఇన్ని దినాలు ఎందుకు రాలేదమ్మా?" అని అడిగింది.

"దింపెటోళ్లు లేకుండిరి మేడం."

డాక్టరమ్మ నా వైపు చూసింది. సిగ్గుతో తల వంచుకున్నాను. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, రిపోర్టు కోసం మళ్లీ సోమవారం రమ్మన్నారు.

ఆ సోమవారం నాకు సెలవు దొరకలేదు. చిన్నమ్మ ఒక్కతే వెళ్లింది. క్యాన్సరేనని తనే ఫోన్ చేసి, ఏడవకుండా చెప్పింది. ఏడ్చింది నేను. ఇప్పుడు చికిత్స సాగుతోంది, ప్రతిసారీ తనే బస్సెక్కి పోతోంది. అంత చేయగల మనిషిని ఇంటిల్లిపాదిమీ కలిసి నాలుగు నెలలు కూర్చోబెట్టాం.

ఇటు నుంచి పాలమూరు దవాఖానకు వెళ్లేవారికి ఒక్క మాట: ఓపీ చీటీ పన్నెండు దాకే ఇస్తారు కాబట్టి ఏడింటి బస్సు వదులుకోకండి, ఆధార్ మరవకండి. తోడు దొరకలేదని మాత్రం ఆగకండి.