అట్ట మీద సూది బెజ్జాలు

మా ఇంటి పడమటి వాటాలో తాలూకా ఆఫీసు గుమాస్తా ఒకాయన భార్యతో అద్దెకుండేవాడు. యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి వచ్చేసిన మరుసటి ఏడు ఆయన మామగారు కూడా కూతురి దగ్గరే ఉందామని తిరువూరు వచ్చేశారు. డెబ్బై దాటిన మనిషి. యానాంలో ఒక ఫ్రెంచి డాక్టరు దగ్గర ఏళ్ళ తరబడి రాతపని చేశారట. ఒక కంటికి శుక్లం తీయిస్తే అది కాస్తా చెడింది. రెండో కంటి జోలికి ఎవరినీ పోనివ్వలేదు. వెలుతురూ నీడా తప్ప ఆయనకేమీ ఆనేది కాదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. కాపురానికి వచ్చి రెండేళ్ళయింది. మావాళ్ళకు బజారులో బట్టల కొట్టు. మగవాళ్ళు పొద్దున వెళితే దీపాలు పెట్టే వేళకే రావడం. మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చాక నాకు తోచేది కాదు. కుట్టుపని ముందేసుకుని వాళ్ళ వాటా అరుగు మీద కూచునేదాన్ని. అలా కూచున్న రోజుల్లోనే ఆ పెద్దాయన నాకొక పుస్తకం చూపించారు.

డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన ఫ్రెంచి నవల అది. కొద్ది ప్రతులే వేశారనీ, మొదటి పేజీలో సిరాతో రాసింది ఆ ప్రతి నంబరేననీ చెప్పారు. ముదురాకుపచ్చ తోలు అట్ట. దాని మీద రంగు రంగు తోలు ముక్కలు పూలుగా కత్తిరించి పొదిగారు. మన వైపు లేని ఏదో నీటి పువ్వు, ఊదా రేకులు, కత్తుల్లాంటి ఆకులు. చుట్టూ బంగారు గీత. అట్ట లోపలి వైపు పట్టుగుడ్డ. పేజీల మధ్య రంగుల బొమ్మలు, ప్రతి బొమ్మ మీదా పల్చటి పొర కాగితం. తోలుది కదా అని మా అత్తగారు దాన్ని మా గడప దాటి లోపలికి తేవద్దన్నారు. నేను మాత్రం అంత అందమైన వస్తువు అంతవరకూ ముట్టుకోలేదు.

ఆయన చదవలేరు. నాకు ఆ భాష రాదు. అయినా ఇద్దరం కలిసి ఆ నవల చదివాం. నేను బొమ్మ తీసి, అందులో ఏముందో చెప్పేదాన్ని. తెరచాప దించిన పడవ, గట్టు మీద ఒకమ్మాయి, చేతిలో ఉత్తరం అని చెబితే, ఆయన కాసేపు ఆలోచించి ఆ అధ్యాయం కథంతా చెప్పేవారు. చదువురాని పడవవాడి కూతురు, ఆమెకొచ్చే ఉత్తరాలు చదివిపెట్టే పంతులు, వాళ్ళ కథ. చెబుతున్నంతసేపూ ఆయన వేళ్ళు అట్ట మీది రేకుల అంచులు తడుముతూనే ఉండేవి.

ఆ వేసవిలో మహిళా మండలివాళ్ళు చేతిపనుల ఎగ్జిబిషన్ పెడతామన్నారు. టేబుల్ క్లాతు మీద ఆ పువ్వు కుట్టాలని నాకు పట్టుకుంది. ఒక్క పూటకి పుస్తకం ఇమ్మని అడిగితే, ఎందుకని కూడా అడక్కుండా ఇచ్చారు. వీధి వసారాలో కూచుని కాగితం పరిచాను. అట్ట ముదురు రంగు, కాగితంలోంచి గీతలు కనబడలేదు. వేలితో తడిమితే రేకుల అంచులు తగులుతున్నాయి. ఆ అంచుల వెంబడే సూదితో పొడుచుకుంటూ పోయాను. పొడి అద్ది గుడ్డ మీదికి డిజైను దించుకోవడానికి కాగితానికి బెజ్జాలు ఎలాగూ పొడవాలి, రెండు పనులూ ఒకేసారి అవుతాయనుకున్నాను. సూది కాగితం దాటి దిగుతోందని చేతికి తెలుస్తూనే ఉంది. తెలిసీ ఆపలేదు.

కాగితం తీశాక చూస్తే ప్రతి రేకు చుట్టూ వరసగా బెజ్జాలు. వేలితో రుద్దాను. కొబ్బరినూనె రాశాను. ఏం చేసినా పోలేదు. సాయంత్రం పుస్తకం తీసుకెళ్ళి ఆయన మంచం పక్కన పెట్టేసి, పనుందని వచ్చేశాను.

మర్నాడు నన్ను పిలిచారు. వేళ్ళు ఒకచోట ఆగి ఉన్నాయి. "చూడమ్మా, ఇక్కడ గరుగ్గా తగులుతోంది. ఏంటిది?" అన్నారు.

నేను వంగి చూసినట్టు నటించాను. "పురుగు కొట్టినట్టుందండి తాతగారూ" అన్నాను.

ఆయనకు ఆ మాట మీద అనుమానమే రాలేదు. సముద్రం గాలికి యానాంలో చాలా పుస్తకాలు అలాగే పోయాయని దిగులుపడ్డారు. కూతురిని పిలిచి, రోజూ కాసేపు ఎండ తగలనివ్వమన్నారు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. ఏముంది, రెండు రోజులు పెట్టి మానేస్తారులే అనుకున్నాను.

మానలేదు. నాలుగు రోజులు పెరట్లో కుర్చీ మీద పెట్టించారు. మా ఎండలు చెప్పక్కర్లేదు, పెనుగొలను నుంచి బట్టలకొచ్చిన రైతులు కూడా కొట్లో పొద్దు వాలేదాకా కదిలేవారు కారు. ఆ నాలుగు రోజులూ నేను మా పెరటి వసారాలో ఊదా దారంతో రేకులు నింపుతూనే ఉన్నాను. తలెత్తితే పెరట్లో పుస్తకం కనబడేది. ఐదో రోజు మధ్యాహ్నం చూద్దును కదా, అట్ట అప్పడంలా వంపు తిరిగింది. బెజ్జాలు పడ్డచోటల్లా రేకులు లేచిపోయాయి. ఒకటి ఊడి కుర్చీ కింద పడి ఉంది.

ఆ రేకు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. పురుగు కాదనీ, ఆ బెజ్జాలు నేను పొడిచినవేననీ చెప్పాను. ఏడుపొచ్చింది గానీ, ఆయన ముందు ఏడిస్తే నన్నే ఓదారుస్తారని బిగబట్టాను.

ఆయన చెయ్యి చాచారు. రేకుని అరచేతిలో పెట్టుకుని వేలితో తిప్పి చూశారు. చివరికి నెమ్మదిగా, "బెజ్జాలకేముందమ్మా, ఉండనిచ్చేవాణ్ణి. ముందే చెప్పుంటే ఎండలో పెట్టించేవాణ్ణి కాదు కదా" అన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం మైదా ఉడికించిన జిగురుతో రేకులు అతికించాం. ఏది ఎక్కడిదో ఆయన వేళ్ళకే తెలుసు. అతికించడం నా పని. అట్ట వంపు మాత్రం పోలేదు. టేబుల్ క్లాతు ఎగ్జిబిషన్‌కి పంపనని నేనంటే, మా అత్తగారు ఒప్పుకోక తనే పంపించారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఎక్కడికైనా పోయి దాక్కోవాలనిపించేది.

ఆయన నన్ను రావద్దనలేదు, కథ ఆపలేదు. కానీ తర్వాత ఓ రోజు నేను బొమ్మ చెబుతుంటే, ఆ అమ్మాయి కిటికీ దగ్గర నవ్వుతోందని అన్నాను. ఆయన చెప్పబోయి ఆగారు. "నిజంగా నవ్వుతోందా?" అని అడిగారు.

ఎత్తిపొడుపు కాదు. ఆయన గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగారు, అంతే. నిజంగానే నవ్వుతోందని చెప్పాను. సరేనన్నారు. కాసేపటికి కూతురు మంచినీళ్ళు తెస్తే, ఊరికే అడిగినట్టు, ఆ బొమ్మలో పిల్ల ఏం చేస్తోందని ఆమెనూ అడిగారు. నవ్వుతోందని ఆమె చెప్పాకే కథ మొదలుపెట్టారు. ఆ రోజు నుంచీ ప్రతి బొమ్మకీ అంతే. కూతురు పనిలో ఉంటే ఆమె వచ్చేదాకా ఇద్దరం మాట్లాడకుండా కూచునేవాళ్ళం.

కథ పూర్తికాకుండానే అల్లుడికి బందరు బదిలీ అయింది. బస్సెక్కేటప్పుడు పుస్తకాన్ని పాత పంచెలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను కాళ్ళకు దణ్ణం పెడితే, తల మీద చెయ్యి వేసి పిల్లాపాపలతో చల్లగా ఉండమన్నారు.

మా ఆయనకి ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత చెప్పాను. పాత పుస్తకమే కదా, దానికింత బాధెందుకన్నారు. వాళ్ళు బందరు వెళ్ళిన మరుసటి చలికాలంలోనే తాతగారు పోయారని ఆయన కూతురు కార్డు రాసింది. పుస్తకం ఊసు అందులో లేదు. అదేమైందో అడుగుతూ ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లో కాగితం ముందేసుకున్నాను. రాయలేదు.